అవిలాపురి తెరేసమ్మ పఠన పట్టిక

స్పెయిన్ దేశపు అవిలా పట్టణంలో తాను మొదలుపెట్టిన కార్మెల్ మఠ సంస్కరణ కోసం 1567 ప్రాంతంలో పునీత తెరేసమ్మ ఒక నియమావళిని రూపొందించింది. అందులో ఉపవాసాలు, జపవేళలు, వస్త్రధారణ, చేతిపని వంటి విషయాల నడుమ, మఠంలో ఏయే పుస్తకాలు ఉండాలో చెప్పే చిన్న నిబంధన ఒకటి కనిపిస్తుంది. మఠాధ్యక్షురాలు మంచి పుస్తకాలు సమకూర్చాలని, ముఖ్యంగా కార్తూసియన్ సన్యాసి ఒకరు రాసిన క్రీస్తు చరిత్ర, పునీతుల చరిత్రల సంపుటమైన ‘ఫ్లోస్ సాంక్తోరుమ్’, ‘క్రీస్తు అనుకరణ’, ‘మఠవాసుల ప్రార్థనాలయం’ అనే గ్రంథాలతో పాటు లూయిస్ దె గ్రనాద, పేద్రో దె అల్కాంతర అనే ఇద్దరు సన్యాసుల రచనలు ఉండేలా చూడాలని ఆ నిబంధన ఆదేశిస్తుంది. దేహానికి అన్నం ఎలాగో ఆత్మకు ఈ ఆహారం కూడా ఒక విధంగా అంతే అవసరమని కారణం కూడా అక్కడే చెబుతుంది. క్రైస్తవ ధ్యానసాధనలో ఎదగగోరేవారు ఏమి చదవాలో సూచించే పట్టికలు ఆ తరువాతి నాలుగు శతాబ్దాలలో ఎన్నో వచ్చాయి గాని, ఇంత క్లుప్తంగా ఉండి, ఇంతటి చరిత్రను వెనుక దాచుకున్న పట్టిక అరుదు.

ధ్యానమంటే పుస్తకం మూసి కళ్లు మూసుకోవడమే అన్న అభిప్రాయం లోకంలో బలంగా ఉంది. తెరేసమ్మ జీవితాన్ని శ్రద్ధగా పరిశీలించినవారికి మాత్రం అందుకు భిన్నమైన సంగతి బోధపడుతుంది: క్రైస్తవ సంప్రదాయంలో మౌనప్రార్థన పుస్తకాల నుంచే పుట్టింది, అది మఠాల గోడలు దాటి సామాన్య స్త్రీపురుషులకు చేరడానికి వారి సొంత భాషలో పుస్తకాలు దొరకడమే కారణమైంది, ఆ పుస్తకాలను అధికారులు లాగేసుకున్నప్పుడు అంతవరకు పాఠకురాలిగా ఉన్న ఒక స్త్రీ గ్రంథకర్త్రి కావలసి వచ్చింది. ఆమె పఠన పట్టికను ఈ నేపథ్యంలో చూస్తేనే అందులోని ఒక్కొక్క పేరు ఎందుకు ఉన్నదో అర్థమవుతుంది.

తెలుగు పాఠకులకు తెరెసా అన్న పేరు వినగానే ముందుగా కోల్‌కతా మదర్ తెరెసా గుర్తుకు వస్తారు. ఆమె ఆ పేరును ఫ్రాన్సులోని లిసియూ పట్టణపు కార్మెల్ మఠంలో ఇరవై నాలుగేళ్లకే మరణించిన చిన్న తెరేసమ్మ (1873–1897) నుంచి తీసుకున్నారు. ఆ చిన్న తెరేసమ్మ చేరిన మఠ సంప్రదాయాన్ని నెలకొల్పిన పెద్ద తెరేసమ్మే ఈ వ్యాసానికి విషయమైన అవిలాపురి తెరేసమ్మ (1515–1582). కతోలిక శ్రీసభ ఏటా అక్టోబరు 15న జరిపే పండుగ ఈమెదే.

ఆమె కాలానికి వెయ్యేళ్ల ముందే ఆధ్యాత్మిక పఠనం మఠజీవితంలో ఒక నియతమైన సాధనగా స్థిరపడింది. ఆరో శతాబ్దంలో ఇటలీలో పునీత బెనెడిక్టు రాసిన మఠ నియమావళిలోని 48వ అధ్యాయం ప్రతిరోజూ పనికీ పఠనానికీ వేర్వేరు వేళలు కేటాయించి, తపస్సు కాలం ఆరంభంలో ఒక్కొక్క సన్యాసికి గ్రంథాలయం నుంచి ఒక్కొక్క పుస్తకం ఇవ్వాలని, దాన్ని మొదటి నుంచి చివరి వరకు వరుసగా చదవాలని విధిస్తుంది. అంటే ఒక దీర్ఘకాలానికి ఒకే ఒక్క పుస్తకం. ఆ పఠనం కళ్లతో గబగబా సాగేది కాదు. పెదవులు కదుపుతూ, ఒక వాక్యం దగ్గర ఆగి, దాన్ని మనసులో పదే పదే తిప్పుకుంటూ సాగేది. పన్నెండో శతాబ్దంలో ఫ్రెంచి ఆల్ప్స్ పర్వతాలలోని గ్రాండ్ షార్త్రూజ్ మఠానికి అధ్యక్షుడుగా ఉన్న రెండవ గీగో, ఈ సాధనను సన్యాసుల నిచ్చెన అనే చిన్న గ్రంథంలో నాలుగు మెట్లుగా వివరించాడు: మొదట పఠనం, తరువాత చదివినదాన్ని లోతుగా విచారించే మననం, ఆ మననం నుంచి పుట్టే ప్రార్థన, చివరకు మనిషి ప్రయత్నం ఆగి దైవసన్నిధిలో నిలిచిపోయే ధ్యానస్థితి. శ్రవణ మనన నిదిధ్యాసనల క్రమం తెలిసిన భారతీయ పాఠకుడికి ఈ మెట్ల వరుస కొత్తగా తోచదు, అయితే ఇక్కడ మూడో మెట్టుగా ప్రార్థన ఉండటం, చివరి మెట్టు సాధకుడి ప్రయత్నఫలం కాక దేవుని వరం కావడం ఈ సంప్రదాయానికి ప్రత్యేకమైన లక్షణాలు.

ఈ నిచ్చెన ఎక్కాలంటే లాటిన్ రావాలి. లాటిన్ నేర్చుకునే అవకాశం స్త్రీలలో బహు కొద్దిమందికే ఉండేది, గృహస్థులైన పురుషులలో కూడా ఎక్కువమందికి ఉండేది కాదు. ఈ స్థితి స్పెయిన్‌లో పదహారో శతాబ్దపు తొలి దశకాలలో మారింది. తొలెదో ప్రధాన పీఠాధిపతి అయిన కార్డినల్ సిస్నెరోస్ (1436–1517) అచ్చుయంత్రాన్ని ఆధ్యాత్మిక గ్రంథాల వ్యాప్తికి వినియోగించి, పూర్వకాలపు మఠ సాహిత్యాన్నీ, సియెన్నాపురి కతరీనమ్మ లేఖల వంటి రచనలనూ ప్రజలభాష అయిన కాస్తిలియన్‌లో అచ్చు వేయించాడు. పద్నాలుగో శతాబ్దపు జర్మన్ కార్తూసియన్ సన్యాసి, సాక్సనీకి చెందిన లుదోల్ఫ్ లాటిన్‌లో రాసిన బృహత్తరమైన క్రీస్తు చరిత్రను అంబ్రోసియో మొంతెసినో అనువదించగా, అది 1502–1503లో అల్కలాలో నాలుగు సంపుటాలుగా వెలువడింది. తెరేసమ్మ పట్టికలో మొదటి పేరు ఈ గ్రంథానిదే. విజయవాడలోని కళాశాల పేరు ద్వారా తెలుగువారికి కూడా పరిచితమైన లొయోలా వంశపు ఇగ్నేషియస్, 1521లో పాంప్లోనా కోట యుద్ధంలో ఫిరంగి గుండు తగిలి కాలు విరిగి ఇంట మంచం పట్టినప్పుడు వీరగాథలు అడిగితే, అవి ఆ ఇంట్లో లేక చేతికి ఇచ్చినవి రెండే పుస్తకాలు: ఈ లుదోల్ఫ్ గ్రంథం, పునీతుల చరిత్రల సంపుటం. తెరేసమ్మ తన మఠాలకు తప్పనిసరి చేసిన పుస్తకాలలో మొదటి రెండూ, యేసు సభ స్థాపకుడి జీవితాన్ని మలుపు తిప్పిన ఆ రెండు పుస్తకాల కోవలోనివే కావడం కాకతాళీయం కాదు. ఒక తరం స్పెయిన్ మొత్తం ఆ పుస్తకాల మీదే పెరిగింది.

తెరేసమ్మ పుట్టిన ఇల్లు పుస్తకాల ఇల్లు. తండ్రి అలోన్సో సాంచెస్ దె సెపేద మంచి గ్రంథాలు చదవడంలో ఆసక్తి గలవాడు, పిల్లలు చదువుకోవాలని కాస్తిలియన్ పుస్తకాలు ఇంట ఉంచేవాడు. తల్లి బేయత్రిస్‌కు వీరుల ప్రేమసాహస గాథలంటే ఇష్టం, ఆ ఇష్టం కూతురికీ అబ్బింది, అది భర్తకు నచ్చదు గనుక తల్లీ పిల్లలూ ఆయనకు తెలియకుండా చదువుకునేవారు. పునీతుల చరిత్రలు చదివిన బాల్యావేశంతో తెరేసమ్మ, అన్న రొద్రీగో కలిసి వేదసాక్షి మరణం పొందాలని మూర్ల దేశానికి బయలుదేరిన సంగతీ, కొత్త గాథ ఒకటి చేతిలో లేకపోతే తోచేది కాదన్న సంగతీ రెండూ ఆమె తన ఆత్మకథలో రాసుకుంది. ఈ ఇంటికి మరో నేపథ్యం కూడా ఉంది. ఆమె తాత హువాన్ సాంచెస్ తొలెదో వర్తకుడు, యూదు మూలాలు గల కుటుంబంవాడు. మతభ్రష్టతను విచారించి శిక్షించే ఇంక్విజిషన్ న్యాయస్థానం 1485లో ఆయనకు బహిరంగ ప్రాయశ్చిత్తం విధించింది. పుస్తకాల విషయంలో అధికారుల అనుమానం ఎంత ప్రమాదకరమో ఈ కుటుంబానికి ఒకరు చెప్పవలసిన పని లేదు.

ఆమెను గంభీరమైన పఠనం వైపు మళ్లించినది పినతండ్రి పేద్రో. యవ్వనంలో జబ్బుపడి ఆయన ఇంట కొన్నాళ్లు ఆగినప్పుడు, ఆయన తన కాస్తిలియన్ ఆధ్యాత్మిక పుస్తకాలను ఆమె చేత పైకి చదివించుకునేవాడు. ఆమెకు అవి మొదట్లో రుచించకపోయినా ఆయన మనసు నొప్పించలేక చదివేది. పునీత జెరోము లేఖలు మఠంలో చేరాలన్న నిర్ణయానికి ధైర్యమిచ్చాయని ఆమె తరువాత రాసింది. 1535లో అవిలాలోని ఇన్‌కార్నేషన్ కార్మెల్ మఠంలో చేరి, 1537లో మాటపట్టు ఇచ్చిన కొద్దికాలానికే తీవ్రమైన వ్యాధికి గురై, వైద్యం కోసం బెసేదాస్ గ్రామానికి వెళుతూ మళ్లీ పినతండ్రి ఇంట ఆగినప్పుడు, ఆయన చేతికిచ్చిన పుస్తకం ఫ్రాన్సిస్కో దె ఓసున రాసిన ‘మూడవ ఆధ్యాత్మిక అక్షరమాల’. ఫ్రాన్సిస్కన్ సభకు చెందిన ఓసున ఈ గ్రంథాన్ని 1527లో తొలెదోలో ప్రచురించాడు. అక్షరక్రమంలో అమర్చిన సూత్రాలకు వివరణగా సాగే ఆ గ్రంథం ‘రెకొహిమియెంతో’ అనే ప్రార్థనా విధానాన్ని బోధిస్తుంది. బయటి విషయాల మీదకు చెదిరిపోయే ఇంద్రియాలనూ ఆలోచనలనూ మెల్లగా కూడగట్టి, ఆత్మ లోపలే ఉన్న దేవుని వైపు తిప్పి, అక్కడ ప్రేమతో నిశ్చలంగా నిలపడం ఆ విధానం సారాంశం. ఓసున దీనిని సన్యాసులకే పరిమితం చేయలేదు. పెళ్లయినవారు, పనిపాటలు చేసుకునేవారు సహా ఎవరైనా దేవుని స్నేహానికి అర్హులేనన్నది ఆయన వాదం.

ఆ పుస్తకం దొరికిన తరువాత దాదాపు ఇరవై ఏళ్లపాటు తనను అర్థం చేసుకోగలిగిన గురువు దొరకలేదని తెరేసమ్మ చెప్పుకుంది. 1539 ఆగస్టులో ఆమె నాలుగు రోజులు స్పృహ లేకుండా పడివుంటే మఠంలో సమాధి కూడా తవ్వి సిద్ధం చేశారు. స్పృహ వచ్చాక సుమారు మూడేళ్లు అవయవాలు స్వాధీనంలో లేవు. ఆ కాలంలో ఆమెకు ఓర్పు నేర్పినది యోబు గ్రంథంపై మహా గ్రెగోరి రాసిన వ్యాఖ్య. ఆరోగ్యం కుదుటపడిన తరువాత కూడా, దివ్యసత్ప్రసాదం స్వీకరించిన సమయంలో తప్ప, పద్దెనిమిదేళ్లపాటు చేతిలో పుస్తకం లేకుండా ప్రార్థనకు కూర్చునే సాహసం చేయలేకపోయానని ఆమె రాసిన మాట ధ్యానసాధకులందరికీ ఊరట కలిగించవలసినది. ఊహాశక్తితో దృశ్యాలు కల్పించుకొని ధ్యానించడం ఆమెకు చేతనయ్యేది కాదు. పుస్తకం లేకపోతే ఆలోచనలు అదుపు తప్పేవి, ఉంటే ఒక్కోసారి దాన్ని తెరవడమే చాలేది, ఒక్కోసారి కొంచెం చదివేది, ఒక్కోసారి చాలా చదివేది. శ్రీసభ చరిత్రలో ప్రార్థన గురించి అందరికంటే లోతుగా రాసిన వారిలో ఒకరైన స్త్రీ ఇంతకాలం పుస్తకాన్ని ఆసరాగా పట్టుకొని నడిచిందన్న విషయానికి ధ్యానబోధకులు ఇవ్వవలసినంత ప్రాముఖ్యం ఇవ్వలేదు.

1554లో రెండు సంఘటనలు దగ్గర దగ్గరగా జరిగాయి. మఠంలో ఒక పండుగ కోసం తెచ్చిన గాయపడిన క్రీస్తు ప్రతిమ ఆమె హృదయాన్ని కదిలించింది; ఆ కాలంలోనే, సెబాస్తియన్ తొస్కానో అనువాదంగా ఆ ఏడాది సలమాంకాలో అచ్చయిన పునీత అగస్తీను ‘ఒప్పుకోళ్లు’ ఆమె చేతికి వచ్చింది. నాలుగో శతాబ్దం చివర ఉత్తరాఫ్రికా పీఠాధిపతి రాసుకున్న ఆ ఆత్మనివేదనలో, మిలాను నగరపు తోటలో 386లో జరిగిన మనఃపరివర్తన ఘట్టం చదువుతుంటే ఆ పిలుపు తనకే వినిపించినట్టు అనిపించిందని ఆమె రాసింది. ఆ ఘట్టం కూడా మూలంలో పుస్తకాల కథే: ఈజిప్టు ఎడారి సన్యాసి పునీత అంతోని చరిత్ర చదివి ఇద్దరు రాజోద్యోగులు లోకాన్ని విడిచిన సంగతి విన్నాకే అగస్తీను తోటలోకి వెళ్లాడు, అక్కడ తెరిచినది పౌలు లేఖలను. అలెగ్జాండ్రియా పీఠాధిపతి అతనాసియు నాలుగో శతాబ్దంలో గ్రీకులో రాసిన చరిత్ర ఒకటి మిలాను మీదుగా, పన్నెండు శతాబ్దాల తరువాత అవిలాలోని ఒక మఠం గదికి చేరింది.

ఆ తరువాత ఆమె ప్రార్థనలో అసాధారణ అనుభవాలు మొదలైనప్పుడు, వాటిని వివరించడానికి మాటలు దొరకక, ఫ్రాన్సిస్కన్ సోదరుడూ వైద్యుడూ అయిన బెర్నర్దీనో దె లరేదో రాసిన ‘సియోను పర్వతారోహణం’లో తన స్థితికి సరిపోయిన భాగాల పక్కన గీతలు గీసి, తనను పరిశీలిస్తున్న అవిలా పెద్దలకు ఆ పుస్తకాన్నే అందజేసింది. వారు దాన్ని చూసి ఆమె అనుభవాలు దుష్టాత్మ పని అయి ఉండవచ్చని అభిప్రాయపడటం ఆమెను ఎంతో బాధించింది.

ఇంతలో స్పెయిన్ వాతావరణం మారిపోయింది. బాహ్యకర్మలను తక్కువ చేసి ఆంతరిక ప్రకాశాన్ని మాత్రమే నమ్ముకుంటారని ఆరోపణ ఎదుర్కొన్న ‘అలుంబ్రాదోస్’ అనే వర్గంపై 1525లోనే తొలెదోలో శాసనం వెలువడింది. 1557–58లో వయ్యదొలీద్, సెవీయ్య నగరాలలో లూథరన్ భావాలు గల బృందాలు బయటపడటంతో ఇంక్విజిషన్ భయం రెట్టింపైంది. 1559 మే, అక్టోబరు నెలలలో వయ్యదొలీద్‌లో బహిరంగ శిక్షాసభలు జరిగాయి, ఆగస్టులో సాక్షాత్తూ తొలెదో ప్రధాన పీఠాధిపతి కర్రాన్సను నిర్బంధించారు, అదే నెలలో ప్రధాన విచారణాధికారి ఫెర్నాందో దె వల్దేస్ నిషిద్ధ గ్రంథాల సూచిక వెలువడింది. ప్రజలభాషలోని బైబిలు అనువాదాలతో పాటు, లూయిస్ దె గ్రనాద రాసిన ప్రార్థనా ధ్యాన గ్రంథం, అవిలాపురి జాన్ రాసిన ‘ఆలకించుము కుమారీ’, యేసు సభకు చెందిన ఫ్రాన్సిస్కో దె బోర్హా పేరున అచ్చయిన రచనలు అందులో చేరాయి. వీరందరూ నిష్ఠ గల కతోలికులు. వారిలో ఇద్దరిని శ్రీసభ తరువాత పునీతులుగా ప్రకటించింది. వడ్రంగుల ఇంటి ఆడవారికి ధ్యానవిషయాలు రాసి పెట్టడమేమిటన్నది వల్దేస్ అభ్యంతరమని గ్రనాద ఒక లేఖలో తెలియజేశాడు. అభ్యంతరం సిద్ధాంతం మీద ఉన్నంతగా పాఠకుల మీద కూడా ఉందని ఆ ఒక్క మాట తేటతెల్లం చేస్తుంది.

లాటిన్ రాని తెరేసమ్మకు ఇది తీరని లోటు. తనకు ఆనందమిచ్చిన కొన్ని పుస్తకాలు ఇక చదవలేకపోతున్నందుకు కలిగిన దుఃఖాన్ని ఆమె దాచలేదు. ఆ దుఃఖంలో ఉండగా ప్రభువు తనకు సజీవ గ్రంథాన్ని ఇస్తానని ఓదార్చినట్టు, అప్పుడు అర్థం కాని ఆ మాట కొద్దికాలానికే అర్థమైనట్టు ఆత్మకథ 26వ అధ్యాయంలో చెప్పింది. ఈ ఘట్టాన్ని చూపి ఆమెకు ఇక పుస్తకాల అవసరం తీరిపోయిందని కొందరు వ్యాఖ్యానిస్తారు. అది పొరపాటు. 1562 ఆగస్టు 24న పునీత యోసేపు పేరిట పేదరికంతో మొదలైన చిన్న మఠంలో కన్యస్త్రీలకు ప్రార్థన నేర్పవలసి వచ్చినప్పుడు ఆమె చేసిన మొదటి పని వారికోసం ఒక పుస్తకం రాయడమే. ఆ పుస్తకం ‘పరిపూర్ణతా మార్గం’. అందులో కూడా, చెదిరిన మనసును కూడగట్టుకోవడానికి ప్రజలభాషలో ఉన్న మంచి పుస్తకం ఒకటి దగ్గర పెట్టుకోవడం ఎంతో మేలు చేస్తుందని ఆమె నొక్కి చెప్పింది.

‘పరిపూర్ణతా మార్గం’ రెండో సగమంతా పరలోక జపానికి వ్యాఖ్యగా నడుస్తుంది. ఈ ఎంపికలో గొప్ప వివేకం ఉంది. పుస్తకాలను తీసుకుపోయినా పరలోక జపాన్నీ మంగళవార్త జపాన్నీ మీ నుంచి ఎవరూ తీసుకుపోలేరన్న భావం తొలి ప్రతిలో సూటిగానే ఉండగా, అది ప్రార్థనా గ్రంథాలు నిషేధించిన విచారణాధికారులను మందలించినట్టు ఉందని పరిశీలకుడు అంచున గుర్తు పెట్టాడు. రెండో ప్రతిలో ఆ భాగం లేదు. నిరక్షరాస్యులకు సైతం కంఠస్థమైన ఒక జపాన్ని పదం పదం ఆగి, ఎవరితో మాట్లాడుతున్నామో ఎరుక కలిగి పలికితే అదే ధ్యానానికి ద్వారమవుతుందని ఆమె బోధించింది. నోటితో చేసే జపం వేరు, మనసుతో చేసే ప్రార్థన వేరు, రెండోది పండితులకే అన్న నాటి విభజనకు ఇంతకంటే బలమైన సమాధానం మరొకటి రాలేదు.

పుస్తకాలకు ఇంతగా రుణపడిన ఆమె వాటికి లొంగిపోలేదన్న విషయం మరింత ముఖ్యమైనది. ప్రార్థనలో పైస్థాయికి చేరినవారు శరీరసంబంధమైన సమస్త రూపాలనూ, చివరకు క్రీస్తు మానవత్వాన్ని గురించిన తలంపును కూడా విడిచి, నిరాకారమైన దైవత్వంలో నిలవాలని తాను చదివిన కొన్ని గ్రంథాలు బోధించగా, కొంతకాలం ఆ మాట నమ్మి నడిచి, ఆ దారి తనకు హాని చేసిందని గ్రహించి, ఆత్మకథ 22వ అధ్యాయంలో దానిని నిష్కర్షగా తిరస్కరించింది. మనుషులు దేవదూతలు కారు, దేహం గలవారు, గనుక దేహం ధరించిన ప్రభువు తోడు చివరిదాకా కావలసిందేనన్నది ఆమె వాదన. ఆమె పట్టికలో ఓసున, లరేదోల పేర్లు లేకపోవడానికి ఈ విభేదమే కారణమని ఖాయంగా చెప్పలేము. అయితే ఆ పట్టికలో అగ్రస్థానం యేసు జీవితాన్ని ఘట్టం తరువాత ఘట్టంగా కళ్ల ముందు ఉంచే లుదోల్ఫ్ గ్రంథానికి దక్కడం ఈ 22వ అధ్యాయంతో చక్కగా పొసగుతుంది.

పట్టికలోని తక్కిన పేర్లలో ‘క్రీస్తు అనుకరణ’ గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. పదిహేనో శతాబ్దపు నెదర్లాండ్స్ ప్రాంతంలో తోమస్ ఎ కెంపిస్ (మరణం 1471) కూర్చిన ఆ నాలుగు భాగాల చిన్న గ్రంథం మన దేశంలో కూడా ఆదరణ పొందింది. పరివ్రాజకుడిగా తిరిగిన రోజులలో స్వామి వివేకానంద భగవద్గీతతో పాటు దీన్ని వెంట ఉంచుకున్నారు, కొంత భాగాన్ని బెంగాలీలోకి అనువదించారు కూడా. ‘మఠవాసుల ప్రార్థనాలయం’ ఆంతోనియో దె గెవారా అనే ఫ్రాన్సిస్కన్ పీఠాధిపతి 1542లో ప్రచురించినది. నేటి పాఠకుడికి దాని అవసరం తక్కువ. లూయిస్ దె గ్రనాద పేరు మాత్రం ఆగి చూడవలసినది. 1559లో నిషేధానికి గురైన ఆయన ప్రార్థనా గ్రంథం సవరణలతో 1566లో తిరిగి వెలువడింది. ఆ వెంటనే రూపొందిన నియమావళిలో ఆయన రచనలను తెరేసమ్మ పేరు పెట్టి చేర్చడంలో ఆమె ధైర్యమూ, కృతజ్ఞతా రెండూ కనిపిస్తాయి. పేద్రో దె అల్కాంతర ఆమెకు స్వయంగా తెలిసినవాడు. 1560లో అవిలాకు వచ్చి, ఆమె అనుభవాలు దేవుని నుంచి వచ్చినవేనని చెప్పి ధైర్యమిచ్చిన ఆ కఠోర తపస్వి రాసిన చిన్న ప్రార్థనా గ్రంథం గ్రనాద పెద్ద గ్రంథానికి సన్నిహితమైన సంక్షిప్తరూపం.

1575 నుంచి ఆమె ఆత్మకథ చేతిప్రతి ఇంక్విజిషన్ స్వాధీనంలో ఉండిపోయింది. అందులోని బోధ కన్యస్త్రీలకు అందాలన్న కోరికతో ఆమె పై అధికారి హెరోనిమో గ్రసియాన్ మరో పుస్తకం రాయమని ఆదేశించగా, 1577 జూన్ 2న తొలెదోలో మొదలుపెట్టి నవంబరు 29న అవిలాలో ముగించినదే ‘ఆంతరిక కోట’. ఆత్మను ఏడు వరుసల గదులున్న కోటగా, నడిమి గదిని దేవుని నివాసంగా, ప్రార్థనను ఆ కోటకు ద్వారంగా భావించి ఇరవై ఏడు అధ్యాయాలలో సాగే ఈ గ్రంథం ఆమె రచనలలో ప్రౌఢమైనది. ఆమె 1582 అక్టోబరు 4న అల్బా దె తోర్మెస్‌లో మరణించింది. ఆ రాత్రే పంచాంగ సంస్కరణ అమలులోకి వచ్చినందున మరుసటి రోజు అక్టోబరు 15 అయింది. 1588లో సలమాంకాలో ఆమె రచనలను తొలిసారి సంపుటంగా ప్రచురించిన పరిష్కర్త అగస్తీను సభకు చెందిన కవి లూయిస్ దె లియోన్. బైబిలులోని పరమగీతాన్ని కాస్తిలియన్‌లోకి అనువదించడం కూడా ఒక ఆరోపణగా 1572 నుంచి 1576 వరకు ఇంక్విజిషన్ చెరలో గడిపిన వ్యక్తి ఆయన. ప్రజలభాషలో రాసినందుకు చెరసాల చూసినవాడి చేతుల మీదుగా, ప్రజలభాషలో పుస్తకాలు పోగొట్టుకున్న స్త్రీ రచనలు లోకానికి అందాయి. 1970లో ఆరో పౌలు పోపు ఆమెను శ్రీసభ పండితురాలిగా ప్రకటించారు. ఆ గౌరవం పొందిన తొలి స్త్రీ ఆమే.

ఆ సంపుటం పుట్టించిన పాఠకులలో ఒకరిని తప్పక పేర్కొనాలి. యూదు కుటుంబంలో పుట్టి, నాస్తికత వైపు మళ్లి, తత్త్వవేత్త హుసెర్ల్ వద్ద సహాయకురాలిగా పనిచేసిన జర్మన్ విదుషి ఎడిత్ స్టయిన్, 1921 వేసవిలో ఒక స్నేహితురాలి ఇంట తెరేసమ్మ ఆత్మకథ చదివి, 1922 జనవరి 1న జ్ఞానస్నానం పొంది, 1933లో కొలోన్ కార్మెల్ మఠంలో చేరింది. 1942 ఆగస్టులో ఆష్విట్జ్ మృత్యుశిబిరంలో నాజీలు ఆమెను చంపారు. తెరేసమ్మ సహచరుడైన సిలువ యోహాను మీద ఆమె రాస్తున్న గ్రంథం నాటికి చేతిప్రతిగానే ఉంది.

నేటి పాఠకుడు ఈ సాహిత్యంలోకి అడుగుపెట్టేటప్పుడు చాలామంది సూచించేది ‘ఆంతరిక కోట’ను గాని, సిలువ యోహాను ‘చీకటి రాత్రి’ని గాని. రెండూ తొలి పుస్తకాలు కావు. ‘చీకటి రాత్రి’ కొంతకాలం నిష్ఠగా ప్రార్థన సాగించి, అందులోని తీయదనం ఒక్కసారిగా ఎండిపోయినవారికోసం రాసినది. ఆ అనుభవం లేనివారికి అది సిద్ధాంతగ్రంథంగా మిగిలిపోతుంది. ‘పరిపూర్ణతా మార్గం’లో 26 నుంచి 29 వరకు గల నాలుగు అధ్యాయాలతో మొదలుపెట్టి, పరలోక జప వ్యాఖ్యను తొందర లేకుండా చదివి, తరువాత ఆత్మకథలో 11 నుంచి 22 వరకు గల అధ్యాయాలు తీసుకోవడం మేలు. తోటకు నీరు పెట్టే నాలుగు పద్ధతులతో, అంటే బావి నుంచి చేతితో తోడటం, కుండలు కట్టిన చక్రాన్ని తిప్పడం, కాలువ పారించడం, వాన కురవడం అనే వరుసతో, సాధకుడి శ్రమ క్రమంగా తగ్గి దేవుని కృప పెరిగే తీరును ఆమె అక్కడ వివరించింది. ‘ఆంతరిక కోట’ ఆ తరువాతిది. అందులోనూ మొదటి నాలుగు వరుసల గదులు ఎక్కువమందికి సరిపోతాయి. అగస్తీను ‘ఒప్పుకోళ్లు’లో జీవితకథ నడిచే మొదటి తొమ్మిది భాగాలను వీటితో పాటు చదువుకోవచ్చు. ఓసున ‘మూడవ అక్షరమాల’ పెద్దది, దారి మళ్లే ఉపాఖ్యానాలు ఎక్కువ, గనుక దాన్ని చివరికి ఉంచుకోవాలి. తెరేసమ్మను చదివిన తరువాత తెరిస్తే, పినతండ్రి ఇచ్చిన ఆ పుస్తకం నుంచి ఆమె ఏది తీసుకున్నదో, ఏది విడిచిపెట్టిందో పాఠకుడే పోల్చి చూసుకోగలడు.